ఎదురొచ్చే మొహం

సుప్రియ ఆస్పత్రిలోనే పుట్టింది. నర్సు బిడ్డను తుడిచి తెచ్చి, తల్లి పక్కన పడుకోబెట్టకుండా నాయనమ్మ చేతికి ఇచ్చింది. అక్కడే జరిగింది పొరపాటు. ఆదిశేషమ్మ గుడ్డ తొలగించి చూసి, "గ్రహణం మొర్రి" అని వార్డంతా వినబడేట్టు అనేసింది. పైపెదవి ఎడమ పక్కన ముక్కు దాకా చీలి ఉంది. బాలింత ధనలక్ష్మి చెవికి బిడ్డ ఏడుపు కంటే ముందు ఆ మాటే చేరింది.

ధనలక్ష్మికి అప్పుడే గుర్తొచ్చింది. ఐదో నెలలో ఒకరోజు సూర్యగ్రహణం పట్టింది. మైపాడు పక్కనున్న ఆ చిన్న పాళెంలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆ పూట తలుపులేసుకుని కదలకుండా పడుకుంటారు. ఏదీ కోయరు, తుంచరు, గోరు కూడా గిల్లరు. ధనలక్ష్మి కూడా పడుకుంది. ఇంతలో మొగుడి పడవ ఒడ్డు చేరిందని కేకలు వినబడ్డాయి. తెల్లారకముందు ఇంత గంజి తాగి పోయిన మనిషి ఆకలితో వస్తాడు, గ్రహణం విడిచాక చేపలు కోయడం మొదలుపెడితే వండేదెప్పుడు, తినేదెప్పుడు అనుకుంది. అత్త పెరట్లోకి పోయిన సందు చూసి, లేచి కత్తిపీట ముందు కూర్చుని ఇంట్లో ఉన్న నాలుగు కానాగంతలు కోసింది. ఆ నాలుగు చేపలను ఇంటిల్లిపాదీ ఒక్క పూటలో తినేశారు. అవి మాత్రం ధనలక్ష్మిని పదిహేడేళ్లు తిన్నాయి.

అత్త ఆ సంగతి కళ్లారా చూసినట్టు కనిపెట్టేసింది. మనవరాలికి పాలు తాగడం రాక ముక్కులోంచి కారిపోతుంటే, చెంచాతో పోస్తూ పోస్తూ, "తినబోతా నోరు కోసినావు గదే" అనేది. కోడలు నోరు మెదిపేది కాదు. చేసిన తప్పు చేసినట్టు ఒప్పుకున్న మనిషికి వాదించడానికి ఏముంటుంది?

పదో నెలలో పెదవి కుట్టారు. రెండేళ్లకు అంగిలి కుట్టారు. ఊళ్లోకి వచ్చిన ఉచిత శిబిరం పుణ్యాన రెండూ జరిగాయి. మిగిలింది ఒక గీత, పెదవి మీద నుంచి ముక్కులోకి. ఎడమ ముక్కుపుటం కాస్త అణిగి పక్కకు జరిగి ఉంటుంది. మాట కొంచెం ముక్కుతో వస్తుంది. అంతే. నడక బాగుంది, జుట్టు బారెడు, కళ్లు చెప్పనక్కర్లేదు. కానీ జనానికి కళ్లతో పనేముంది? గీత ఒకటి దొరికితే చాలు, చూపు అక్కడే చాప పరుచుకుని కూర్చుంటుంది.

సుప్రియకు ఆరేళ్లప్పుడు ఒక పొద్దున ఇసుకలో గవ్వలేరుకుంటూ పరిగెత్తి, వలలు మోసుకుని పడవ దగ్గరికి పోతున్న ఆదెయ్య మనుషులకు అడ్డంగా వచ్చింది. ఆదెయ్య ఆగాడు. పిల్లను చూశాడు. ఇసుకలో ఉమ్మి, భుజం మీది వల కింద పడేశాడు.

"మొర్రిది ఎదురొచ్చింది. ఈ పొద్దు ఎల్లబళ్లా, ఇళ్లకు పదండి" అన్నాడు.

నలుగురు మగవాళ్లు ఆరేళ్ల పిల్లకు భయపడి ఇళ్లకు పోయారు. సుప్రియ గవ్వలన్నీ అక్కడే పారేసి ఇంటికొచ్చి, తల్లి చీర కుచ్చిళ్లలో మొహం పెట్టుకుంది. ఎంత అడిగినా చెప్పలేదు. చెప్పడానికి ఊరుంది కదా, సాయంత్రానికి తండ్రి మస్తానయ్యకు ఊరే చెప్పింది.

మస్తానయ్య మాటకారి కాదు. తాగి కొట్టే మనిషి అంతకన్నా కాదు. ఆదెయ్యతో పోట్లాటకు పోతాడని ఇంట్లో వాళ్లు భయపడ్డారు గానీ, అతను అన్నం తిని నిద్రపోయాడు. మర్నాడు తెలతెలవారుతుండగా కూతుర్ని లేపి, మొహం కడిగి, అన్నం క్యారియర్ చేతికిచ్చాడు. ఒడ్డుకు తీసుకుపోయి, పడవకు కాస్త అవతల నిలబెట్టి, తను పది అడుగులు వెనక్కి వచ్చాడు. పడవలో వాళ్లంతా చూస్తున్నారు.

"ఇప్పుడు ఎదురు రా అమ్మణ్ణీ" అన్నాడు.

పిల్ల బిక్కమొహం వేసుకుని క్యారియర్ రెండు చేతులా పట్టుకుని నడిచొచ్చింది. అతను వంగి ఆ మొహాన్ని తనివితీరా చూసి, క్యారియర్ అందుకుని పడవెక్కాడు. తోటి వాళ్లు గొణిగారు. ఒకడు దిగిపోతానన్నాడు. "దిగిపో" అన్నాడు మస్తానయ్య. ఎవడూ దిగలేదు. ఆ రోజు పడింది రెండు గంపల చేప. గొప్ప వేటేమీ కాదు. కానీ మస్తానయ్య ఆ రెండు గంపల గురించి పాళెమంతా తిరిగి చెప్పుకున్నాడు. "మా అమ్మణ్ణి ఎదురొచ్చింది, అందుకే పడింది" అన్నాడు.

ఆనాటి నుంచి అదే వరస. వేటకు పోయే ప్రతి పొద్దూ సుప్రియ క్యారియర్ పట్టుకుని ఎదురు రావాలి, ఆయన ఆ మొహం చూసి పడవెక్కాలి. చేప బాగా పడితే, "నీ మొగం చూసి పోతే పడకుండా యాడికి పోతాది" అనేవాడు. ఉత్తి వలతో వస్తే, "నీ మొగం చూసినాం గాబట్టి అంత గాల్లో కూడా క్షేమంగా వచ్చినాం" అనేవాడు. ఎటు తిప్పినా పిల్ల మొహానికే మంచి పేరు. కొన్నాళ్లకు తోటివాళ్లకు కూడా అలవాటైపోయింది. ఒకరోజు జ్వరంతో సుప్రియ లేవకపోతే, "ఏందన్నా, అమ్మణ్ణి రాలేదే?" అని వాళ్లే అడిగారు.

బడిలో ఎవరైనా వెక్కిరిస్తే సుప్రియ ఏడ్చేది, కానీ ఎక్కువసేపు ఏడ్చేది కాదు. పొద్దున ఒక మనిషి తన మొహం చూసి సముద్రం మీదికి పోయాడు. అది ఆ పిల్లకు సాయంత్రం దాకా సరిపోయేది.

పదమూడో ఏట సుప్రియ పెద్దమనిషి అయింది. ఒక్కగానొక్క కూతురు. ఉన్నంతలో ఘనంగా చేయాలనుకున్నారు. ఈ కాలంలో ఘనంగా అంటే ఏముంది, ముందు ఫ్లెక్సీ. బస్సు ఆగే చోట పిల్ల నిలువెత్తు ఫొటో, చుట్టూ మేనమామల ఫొటోలు, పైన దేవుళ్లు, చుట్టాల పేర్లు. ఫ్లెక్సీ లేని ఫంక్షన్‌ను ఫంక్షన్ అని ఎవరూ ఒప్పుకోవడం లేదు. ధనలక్ష్మి కూతురికి లంగా ఓణీ కట్టి, పూలజడ వేసి, పక్కింటి వాళ్ల ఫోనులో ఫొటో తీయించింది. నెల్లూరు పోయి ఫ్లెక్సీ పని తనే చూసుకుని వచ్చింది. మస్తానయ్య ఆ రెండు రోజులూ వేటలో ఉన్నాడు.

ఫ్లెక్సీ కట్టిన పొద్దున సుప్రియ స్నేహితురాళ్లతో చూడటానికి పరిగెత్తింది. దగ్గరికి పోయేసరికి కాళ్లు ఆగిపోయాయి.

అది తన లంగా, తన ఓణీ, తన పూలజడ, తన కళ్లు. పెదవి మాత్రం తనది కాదు. గీత లేదు. ముక్కు చక్కగా, రెండు వైపులా సమానంగా ఉంది. అక్కడ నిలబడ్డ ఆడవాళ్లు, "అబ్బ, ఎంత కళగా ఉందో పిల్ల!" అంటున్నారు. పదమూడేళ్లలో ఆ మాట ఆ నోళ్ల నుంచి ఒక్కసారి కూడా రాలేదు. సుప్రియకు తెలియకుండానే చేయి పెదవి మీదికి పోయింది. గీత ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది.

అప్పుడు ఆమెకు నాన్న కనిపించాడు. వేట నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, లుంగీ ఇంకా తడిగానే ఉంది. ఫ్లెక్సీకి ఎదురుగా ఒక్కడే నిలబడి, తలెత్తి ఆ మొహాన్నే చూస్తున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

సుప్రియ ఇంకో అడుగు ముందుకు వేయలేదు. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసింది. నాన్నకు కావలసిన మొహం ఇదన్నమాట అనుకుంది. ఏడేళ్లుగా తన మొహం చూసి పడవెక్కుతూ, ఆయన మనసులో చూసుకున్నది ఈ మొహాన్నన్నమాట. ఆదెయ్య ఉమ్మినప్పుడు కూడా ఆ పిల్ల గుండె అంత నొచ్చుకోలేదు. ఆదెయ్య ఎవరు? దారిన పోయేవాడు. ఈయన నాన్న.

ఫంక్షన్ జరిగింది. వచ్చినవాళ్లంతా ఫ్లెక్సీ చూసి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చున్న పిల్లను చూసి, ఒక్క క్షణం తడబడి, అక్షింతలు వేశారు. ఆ తడబాటు ప్రతి మొహంలోనూ సుప్రియకు కనబడింది.

తర్వాతి వేట రోజు పొద్దున మస్తానయ్య ఒడ్డున చాలాసేపు నిలబడ్డాడు. సుప్రియ రాలేదు. క్యారియర్ గడప మీద పెట్టి, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన తిరిగొచ్చి క్యారియర్ తీసుకున్నాడు. గడప దగ్గర కాసేపు ఆగాడు. పిలుస్తాడేమో అని సుప్రియ ఊపిరి బిగబట్టింది. ఆయన పిలవలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది! అడగడం చేతకాని మనుషులతోనే లోకంలో సగం దుఃఖం.

కరోనా రోజుల్లో అలవాటైన మాస్కును సుప్రియ మళ్లీ బయటికి తీసింది. బడికి మాస్కు, బజారుకు మాస్కు, ఇంట్లో నాన్న ఉంటే ఓణీ చెంగు. తినేటప్పుడు కూడా వెనక్కి తిరిగి తినేది. వయసొచ్చిన పిల్ల, సిగ్గుపడుతోంది అనుకున్నారు ఇంట్లో.

ఆ ఫ్లెక్సీ సంగతి ఏమైందంటారా? ఫ్లెక్సీని ఎవరూ పారేయరు. నెలకు దాన్ని విప్పి తెచ్చి, వంట చేసుకునే పాక మీద కప్పారు. ఎండకు రంగు పోతుందని ధనలక్ష్మి బొమ్మ ఉన్న వైపు లోపలికి వచ్చేట్టు వేయించింది. పొయ్యి ముందు కూర్చుని తలెత్తితే చాలు, ఆ చక్కని మొహం పైనుంచి చూస్తూ ఉండేది. సుప్రియ అన్నం వండుతుంటే చూసేది, పులుసు కలుపుతుంటే చూసేది. పొగకు మేనమామలు నల్లబడ్డారు, దేవుళ్లు నల్లబడ్డారు. ధనలక్ష్మి మాత్రం అప్పుడప్పుడూ స్టూలు వేసుకుని తడిగుడ్డతో ఆ మొహం ఒక్కటీ తుడిచేది. అది చూసినప్పుడల్లా సుప్రియ పళ్లు కొరుక్కునేది.

ఈలోగా ఒడ్డున చేప తగ్గింది. మస్తానయ్య పడవ వాటా వదులుకుని చెన్నై హార్బరులో లాంచీ మీద పనికి కుదిరాడు. పన్నెండేసి రోజులు సముద్రం మీద, రెండు రోజులు ఒడ్డున. ఇంటికి రెండు మూడు నెలలకొకసారి వచ్చేవాడు. ఫోను చేస్తే సుప్రియ రెండు ముక్కలు మాట్లాడి అమ్మకిచ్చేసేది. వీడియో కాల్ చేస్తే ఫోను పైకి తిప్పేది. ఆయనకు ఇంటి వాసాలు కనపడేవి.

పదిహేడో ఏట శిబిరం వాళ్లు మళ్లీ కబురు పెట్టారు. మొహం ఎదుగుదల పూర్తయింది, ఇప్పుడు ముక్కు సరిచేసి, గీత వీలైనంత పలుచన చేస్తామన్నారు. పరీక్షలన్నీ అయ్యాయి. చేరాల్సిన రోజు పొద్దున సుప్రియ కత్తెర తీసుకుని పాకలో స్టూలెక్కింది. ఫ్లెక్సీలో ఆ మొహం వరకు కత్తిరించి, చుట్టగా చుట్టి సంచిలో పెట్టుకుంది. పొయ్యి మీద ఆకాశం కనబడింది. ధనలక్ష్మి చూసి, స్టూలు తీసి పక్కన పెట్టింది.

నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు సుప్రియ మాస్కు తీయకముందే ఆ ముక్క తీసి బల్ల మీద పరిచింది.

"ఇట్టా చెయ్యండి మేడం. అచ్చం ఇట్టానే."

డాక్టరమ్మ ఆ మొహాన్ని చూసింది. మాస్కు తీయించి ఈ మొహాన్నీ చూసింది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"ఇది కంప్యూటర్‌లో చేసింది తల్లీ. నేను చేసేది మనిషి మీద. ముక్కు నిలబడుతుంది, ఊపిరి బాగా ఆడుతుంది, గీత తగ్గుతుంది. కానీ ఇలా మాత్రం ఎవరూ చేయలేరు. రేపు ఆపరేషన్ అయ్యాక ఈ బొమ్మతో పోల్చుకున్నావంటే జీవితాంతం ఏడుస్తావు. ఎవరు చేయించారిది?"

సుప్రియ, "మా నాయనకు కావాలని" అనబోయింది. అంతలో వెనక నుంచి ధనలక్ష్మి గొంతు వినబడింది.

"నేనే మేడం."

సుప్రియ వెనక్కి తిరిగింది. ధనలక్ష్మి కూతుర్ని చూడలేదు, బల్ల మీది బొమ్మనే చూస్తూ చెప్పింది.

"ఆ ఫ్లెక్సీ అంగడాయన అడిగినాడు, గీత తీసేద్దామా అమ్మా అని. తీసెయ్యమన్నా. ఆ గీత పెట్టింది నేనే గదా మేడం. గ్రహణం పూట కత్తిపీట ముట్టినా. ముట్టకుండా ఉంటే నా బిడ్డ ఎట్టుండేదో ఒక్కసారి చూసుకోవాలనిపించింది."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"గ్రహణం వచ్చినప్పుడు నీకు ఎన్నో నెల?"

"అయిదు."

"బిడ్డ పెదవి రెండో నెలలో కలుస్తుందమ్మా. కొందరికి కలవదు. నువ్వు కత్తిపీట ముట్టుకునే నాటికి అది అయిపోయి మూడు నెలలు. గ్రహణం లేకపోయినా నీ బిడ్డ ఇలాగే పుట్టేది. నువ్వేం చేయలేదు."

ధనలక్ష్మి వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది. రెండు. ఐదు. మళ్లీ పెట్టుకుంది. సంతోషించాల్సిన మాటే. కానీ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మరి ఇన్నేళ్లూ..." అని మాత్రం అని, బయటికి వెళ్లిపోయింది.

వరండాలో బెంచీ మీద తల్లీ కూతుళ్లు పక్కపక్కన కూర్చున్నారు. చాలాసేపటికి సుప్రియ అడిగింది.

"మరి నాయన ఎందుకేడ్చినాడు? ఫ్లెక్సీ ముందర నిలబడి ఏడ్చినాడు గదా. నేను చూసినా."

"చూసినావా?" ధనలక్ష్మి ఉలిక్కిపడింది. "ఆ రోజు ఇంటికొచ్చి నా మీద ఎంత లేచినాడనుకున్నావు! నా బిడ్డ మొగం యాడబెట్టినావే అన్నాడు. ఏడేళ్లు ఎదురొచ్చిన మొగం, దాన్ని తుడిచి పారేసినావే అన్నాడు. కత్తి తీసుకుని ఫ్లెక్సీ కోసేస్తానని పోతా ఉంటే కాళ్లు పట్టుకుని ఆపినా. నలుగురూ బాగుందంటన్నారు, పిల్ల సంబరంగా ఉంది, ఫంక్షన్ పూట వద్దయ్యా అన్నా. నీ సంబరం కోసం ఊరుకున్నాడు."

సుప్రియ తల్లి వైపు తిరిగి కూర్చుంది.

"మర్నాడు నువ్వు ఒడ్డుకు పోలా. పెద్దదైంది, ఇంక సిగ్గులే, పిలవగూడదు అన్నాడు. లాంచీ పనికి ఎందుకు పోయినాడనుకున్నావు? ఈడ ఒడ్డున ఒంటిగా నిలబడి పడవెక్కేది నా వల్ల గాదు అన్నాడు."

నాలుగేళ్లు. సుప్రియ కూడా వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంది. అడక్కుండా ఆయన, చెప్పకుండా తను, తుడుచుకుంటూ అమ్మ. ముగ్గురూ ఒకే కప్పు కింద తలా ఒక దుఃఖం దాచుకుని, ఒకరి కోసం ఒకరు ఊరుకున్నారు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. మాస్కు లేకుండా, వరండాలో అందరూ చూస్తుండగా ఏడ్చింది.

తెల్లారితే ఆపరేషన్. ఎంత పలుచనైనా, ఎంత సరైనా, రేపటి నుంచి ఇది వేరే మొహం. నాన్న వేటకు పోతూ చూసిన మొహం ఈ ఒక్క సాయంత్రమే ఉంది. లాంచీలో మనుషులు తక్కువై ఆయన రాలేకపోయాడు. ఈ సాయంత్రమే హార్బరు దాటుతారు. తిరిగొచ్చేది పన్నెండు రోజులకు.

పొద్దు వాలుతుండగా సుప్రియ ఆస్పత్రి మేడ మీదికి పోయింది. మొహం కడుక్కుంది, జుట్టు వెనక్కి దువ్వుకుంది. అమ్మ ఫోనులో వీడియో కాల్ నొక్కింది. ఫోను వాసాల వైపు తిప్పలేదు. తిన్నగా మొహానికి ఎదురుగా పట్టుకుంది.

ఒక్క క్షణం ఆయన కనపడ్డాడు. గడ్డం తెల్లబడింది, కళ్ల కింద నల్లబడింది. వెనక ఇంజను మోగుతోంది. ఆ వెంటనే బొమ్మ ఆగిపోయి, తెర నల్లబడి, మధ్యలో చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"అమ్మణ్ణీ? ఒడ్డు దాటేసినాం, సిగ్నలు పోతా ఉంది. భయపడతన్నావా? ఏం కాదు, నేనుండా."

"నాయనా, నేను ఎదురొచ్చినా" అంది సుప్రియ.

ఆయన ఇంజనుకు దూరంగా జరిగినట్టున్నాడు, అటువైపు చప్పుడు తగ్గింది.

"మాస్కు లేదు, ఏం లేదు. చూడు నాయనా. రేపట్నించి ఈ మొగం ఉండదు. కనపడతా ఉందా?"

సుప్రియ ఫోనును ఇంకొంచెం దగ్గరికి తెచ్చింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. బొమ్మ వెళ్లడం లేదని ఆ పిల్లకు తెలుసు. ఈ కాలం పిల్ల, తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"కనపడింది అమ్మణ్ణీ" అన్నాడు మస్తానయ్య. "బాగా కనపడింది. ఇంకేం, ఈసారి చేపకు కొదవలేదు."

ఏ పొద్దునా ఒడ్డున కూతురితో అబద్ధం చెప్పని మనిషి, మొదటిసారి చెప్పాడు.

"సరే నాయనా, పొయ్యిరా" అంది సుప్రియ.

ఫోను తెగిపోయింది. సుప్రియ చేయి దించలేదు. నర్సు వచ్చి మందులు వేసుకునే వేళైందని పిలిచేదాకా, ఆ నల్లటి తెరకు ఎదురుగా మొహం పెట్టి అలాగే నిలబడింది.